ఠలో చుక్క మునిగిపోయింది: పాళీ ఎంచుకోవడంలో నా అనుభవం

ఇంకు పెన్ను కొనడానికి నాలుగు నెలలు పట్టిందంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. జనవరి 6న మొదలుపెట్టాను. మే మొదటి వారానికి గానీ "ఇక ఇదే నా పెన్ను" అన్న నమ్మకం కుదరలేదు. మధ్యలో తప్పు పాళీ కొన్నాను, ఐదు వారాలు ఆ పెన్ను లేకుండా గడిపాను, తీరా తిరిగొచ్చిన పాళీ కాగితాన్ని గీరుతుంటే ఏడుపొక్కటే తక్కువ. తెలుగులో రాసుకునే వాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

ముందు నా సంగతి. రోజూ రాత్రి రెండు పేజీల డైరీ రాస్తాను, అంతా తెలుగే. నా అక్షరం చిన్నది. తొమ్మిదేళ్లుగా ఒక జపాన్ పెన్ను వాడాను. స్టీలు పాళీ, దాని మీద ఎఫ్ అని, అంటే ఫైన్ అని ఉండేది. సన్నగా, కాస్త పొడిగా, అంటే ఇంకు తక్కువగా వదులుతూ రాసేది. జనవరిలో దాని మూత పగిలింది. ఈసారి బంగారు పాళీ ఉన్న మంచి యూరప్ పెన్ను ఒక్కటి కొనుక్కుని ఎప్పటికీ అదే వాడుకుందాం అనుకున్నాను. ధర పాత పెన్నుకు దాదాపు పదిహేను రెట్లు. డబ్బు ఎంతో టెన్షనూ అంతే.

మొదటి మూడు వారాలు చదవడానికే సరిపోయింది. ఎక్స్‌ట్రా ఫైన్, ఫైన్, మీడియం, బ్రాడ్ అన్నవి, సన్న గీత నుంచి లావు గీతకు వరసగా, అందరికీ తెలిసినవే. అవి దాటితే మొన వెడల్పుగా, బల్లపరుపుగా ఉండే స్టబ్, ఇటాలిక్, మొన ఏటవాలుగా ఉండే ఒబ్లిక్. జపాన్ వాళ్ల దగ్గర ఫైన్‌కీ మీడియానికీ మధ్య ఇంకొకటి, మీడియం ఫైన్. సెయిలర్ అనే జపాన్ కంపెనీలో జూమ్ అని ఒకటి, పెన్ను పట్టుకునే వాలును బట్టి గీత లావు మారుతుంది. ప్లాటినం కంపెనీ 3776 పెన్నులో అల్ట్రా ఎక్స్‌ట్రా ఫైన్ కూడా ఉంది, అదో సూది. ఇన్ని పేర్లున్నాయి గానీ ఫైన్ అంటే ఇన్ని మిల్లీమీటర్లు అని అన్ని కంపెనీలూ కలిసి ఒప్పుకున్న లెక్క మాత్రం లేదు. ఎవరి ఫైన్ వాళ్లది. మామూలుగా జపాన్ పాళీ యూరప్ పాళీ కంటే ఒక మెట్టు సన్నం. అంటే జపాన్ ఫైన్ యూరప్ ఎక్స్‌ట్రా ఫైన్‌కు దగ్గరగా ఉంటుంది. జపాన్ రాతలోని కంజీ అక్షరాల్లో కొద్ది చోటులోనే బోలెడు గీతలు పడతాయి కాబట్టి వాళ్లకు సన్న పాళీలు కావాలి అంటారు. ఈ ముక్క చదివినప్పుడు నేను ఆగి ఆలోచించాల్సింది. మన ఒత్తులకూ గుడులకూ కూడా అదే ఇబ్బంది కదా. ఆలోచించలేదు. పాత ఫైన్ పొడిగా ఉండేది కాబట్టి ఈసారి మీడియం అయితే జారుగా ఉంటుంది అని మనసులో అనేసుకున్నాను. జపాన్ ఫైన్ నుంచి యూరప్ మీడియానికి వెళ్లడమంటే ఒక మెట్టు కాదు, రెండు మెట్లు ఎక్కడం.

జనవరి 31, శనివారం, షాపుకు వెళ్లాను. అక్కడ పాళీ పరీక్షించడానికి చిన్న ఇంకు సీసా, దళసరి నున్నటి కాగితం ప్యాడ్ పెట్టారు. ప్యాడ్ నిండా నా ముందు వచ్చిన వాళ్లు చుట్టిన ఎనిమిది అంకెలు, సంతకాలు, మెలికలు. నేనూ సిగ్గుపడి ఒక ఎనిమిది చుట్టి, ఇంగ్లీషులో నా పేరు రాశాను. మీడియం వెన్నలా సాగింది. ఫైన్ దాని పక్కన చప్పగా అనిపించింది. అక్కడే "లక్ష్మి", "స్త్రీ", "కంఠం" అని నాలుగు తెలుగు ముక్కలు రాసి ఉంటే నా కథ ఇంత సాగేది కాదు.

ఆ పరీక్షలో మోసం చేసేవి రెండున్నాయి. ఎవరూ కావాలని చేసేవి కావు. ఒకటి, ముంచి రాయడం. పాళీని సీసాలో ముంచితే ఇంకు పాళీ మీద, దాని కింద ఇంకు అందించే గాడుల ముక్క, అంటే ఫీడ్ మీద నిలబడి ధారగా దిగుతుంది, గరుకు తెలియదు. లోపల ఇంకు నింపి రాసినప్పుడు ఫీడ్ దాన్ని కొలిచి వదులుతుంది, అప్పుడే అసలు స్వభావం బయటపడుతుంది. రెండోది ఆ కాగితం. నున్నటి పూత ఉన్న కాగితం ఇంకును పీల్చదు, గీత సన్నగా, అంచులు కోసినట్టు కనిపిస్తుంది. నా డైరీ కాగితం మీద అదే పాళీ అంతకంటే లావుగా రాస్తుంది. నా డైరీ నా బ్యాగులోనే ఉంది! తీయాలని తట్టలేదు.

ఇక ఫినిష్, అంటే పెన్ను పై రంగూ మెరుగూ సంగతి. నిజం చెప్పాలంటే నన్ను ముంచింది ఇదే. నేను చూసిన మోడల్ నాలుగు ఫినిషుల్లో ఉంది: మెరిసే నలుపు మీద బంగారు రంగు క్లిప్పు, అదే నలుపు మీద వెండిలా మెరిసే రోడియం క్లిప్పు, ముదురు ఎరుపు, మెరుపు లేని మ్యాట్ నలుపు. మ్యాట్ నలుపు చేతిలోకి తీసుకోగానే మనసు పడిపోయింది. వేలిముద్రలు పడవు, చేతికి చల్లగా కాకుండా రాతిలా తగులుతుంది. షాపులో ఆమె ఓపిగ్గా చెప్పింది, "మెరిసే దాని మీద సన్న గీతలు పడతాయండీ, కానీ మ్యాట్ అయితే మీరు పట్టుకునే చోట కొన్నాళ్లకు నున్నగా మెరుస్తుంది. రెండింట్లో ఏదో ఒకటి భరించాలి." పాళీ రంగు గురించి కూడా అడిగాను, రెండు రంగులదా, మొత్తం తెల్లగా ఉండే రోడియం పూతదా అని. రాతలో తేడా ఏమీ ఉండదంది. అది నిజం. పూత పైపైనే. పాళీ మీద 585 అని ఉంటే 14 క్యారెట్లు, 750 అని ఉంటే 18. అయితే కాగితాన్ని తాకేది ఆ బంగారం కూడా కాదు. మొనకు అతికించిన గట్టి లోహపు బొట్టు. దాన్ని ఇరిడియం అనడం అలవాటైపోయింది గానీ ఇప్పుడు ఎక్కువగా ఆస్మియం, రుథేనియం, టంగ్‌స్టన్ లాంటి వాటి మిశ్రమాలే వాడుతున్నారు. జారుడంతా ఆ బొట్టును ఎంత బాగా నూరారన్న దాంట్లోనే ఉంది. బంగారు పాళీ అయితే చాలు, అదే జారుతుందన్న నా భ్రమ అక్కడే పోయింది.

మ్యాట్ నలుపులో ఫైన్ పాళీ స్టాకు లేదు. తెప్పించాలంటే ఐదారు వారాలు. మీడియం మాత్రం అద్దాల బీరువాలో ఎదురుగా ఉంది. "నచ్చకపోతే పాళీ మార్పించుకోవచ్చండీ, నాలుగు వారాల గడువు ఉంటుంది" అన్నారు. ఇంకేం కావాలి. వారం రోజులు ఇంట్లో నాకు నేనే సర్దిచెప్పుకుని ఫిబ్రవరి 7న మీడియం కొనేశాను. రంగు చూసి పాళీ కొన్నాను అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు అడిగితే "జారుగా ఉందని" అనేదాన్ని.

ఆ రాత్రి డైరీ పెట్టుకుని కూర్చున్నాను. మొదటి వాక్యం బ్రహ్మాండం. రెండో వాక్యంలో "గొంతు"కు బదులు "కంఠం" అని రాశాను. ఠ మధ్యలో చుక్క పెట్టగానే అది చుట్టూ ఉన్న సున్నాలో కలిసిపోయి నల్లటి గుండులా తయారైంది. "లక్ష్మి" రాస్తే మ ఒత్తు ముద్దైంది. "ధర్మార్థం" రాస్తే ధ ఏదో థ ఏదో నాకే తెలియలేదు. కాగితం అటు తిప్పితే వెనక పేజీ నిండా చుక్కలు.

మర్నాడు స్కేలు తీసి కొలిచాను. నా ర, ఠ లాంటి అక్షరాల ఎత్తు 3 మిల్లీమీటర్లు. ఈ పాళీ నా కాగితం మీద వేసే గీత సుమారు 0.7. అక్షరం రెండు అంచుల గీతలు తీసేస్తే లోపల 1.6 మిగిలింది. అందులో 0.7 చుక్క పెడితే ఆ పక్కా ఈ పక్కా అర మిల్లీమీటరు ఖాళీ కూడా ఉండదు. ఇంకు కొంచెం పాకితే అదీ పోతుంది. ఒత్తు ఇంకా అన్యాయం, దాని ఎత్తు అక్షరంలో సగం. 1.5లో రెండు గీతలే 1.4 తినేస్తే లోపల సున్నా ఎక్కడ కనబడుతుంది? పాత పెన్ను గీత 0.4. దానితో ఠ లోపల 2.2 ఖాళీ ఉండేది. తొమ్మిదేళ్లు అది పొడిగా రాస్తుందని తిట్టుకున్నాను గానీ నా ఒత్తులను కాపాడింది అదేనని అప్పుడు తెలిసింది. పెద్ద అక్షరాలు రాసేవాళ్లకు ఈ గొడవ ఉండదు. ఐదు మిల్లీమీటర్ల అక్షరం రాసే నా స్నేహితురాలు అదే మీడియంతో హాయిగా రాసింది.

లావు ఒక్కటే అయితే అక్షరం పెద్దది చేసుకుని సర్దుకునేదాన్నేమో. నాలుగైదు రోజుల్లో ఇంకో జబ్బు బయటపడింది. అక్షరం మొదలుపెట్టే చోట గీత పడదు. పాళీ ఆనించాక అర మిల్లీమీటరు జరిగితే గానీ ఇంకు రాదు. తలకట్లు మాయమవుతున్నాయి. మొదట నా చేయి అనుకున్నాను, తర్వాత కాగితం మీద చేతి చెమట అంటి ఉంటుందనుకున్నాను. అడుగున ఇంకో కాగితం పెట్టుకుని రాసినా అంతే. మా అమ్మాయి పక్కన కూర్చుని చూసి, "అమ్మా, దీనికంటే నా జెల్ పెన్నే నయం కదా" అంది. ఏం చెప్పను.

విచిత్రమేమిటంటే ఇంగ్లీషు కలిపిరాతలో ఇది దాదాపు కనిపించదు. అక్కడ ఒక మాటంతా పెన్ను ఎత్తకుండా సాగుతుంది, ఒకసారి ఇంకు అందుకుంటే చాలు. మన దగ్గర అలా కాదు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికి నేను కనీసం నాలుగుసార్లు పెన్ను ఎత్తుతాను: స, పైన గుడిదీర్ఘం, కింద త ఒత్తు, పక్కన ర ఒత్తు. ఎత్తిన ప్రతిసారీ పాళీకి కొత్త మొదలే. షాపులో నేను ఇంగ్లీషులో పేరు రాసి మురిసిపోయింది ఈ పాళీతోనే.

పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం తెప్పించి మొన చూశాను. మొన మధ్యలో చీలిక ఉంటుంది కదా, దానికి అటూ ఇటూ ఉన్న అంచులు కాగితాన్ని తాకేంత దగ్గరగా ఉండాలి. నా పాళీలో వాటిని మరీ నున్నగా నూరేశారు, లోపలికి గుండ్రంగా వంగిపోయాయి. దానితో చీలికలోని ఇంకు కాగితానికి అందకుండా పైనే ఆగిపోతోంది. దీన్ని పెన్నుల వాళ్లు బేబీ బాటమ్ అంటారు, భూతద్దంలో చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. ఎంత జారుగా ఉంటే అంత మంచిదనుకునే నాలాంటి వాళ్లకు సరైన శిక్ష.

ఫిబ్రవరి 24న షాపుకు ఫోన్ చేసి మీడియం బదులు ఫైన్ పాళీ అడిగాను. గడువు ఇంకా పది రోజులుంది. అప్పుడు చెప్పిన షరతులు కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు: పాళీని సొంతంగా వంచడం, నూరడం చేసి ఉండకూడదు. పెట్టె, బిల్లు ఉండాలి. పెన్ను శుభ్రంగా కడిగి పంపాలి. నూరకుండా ఉండటం నా అదృష్టం. అప్పటికే నూరుడు కాగితం మీద నాలుగు సున్నాలు చుడదామా అని రెండుసార్లు అనుకున్నాను. కడగడం ఒక పూట పని. ఇంకు పీల్చుకునే పిస్టన్‌తో నీళ్లు పీల్చి వదలడం, పీల్చి వదలడం. ముప్ఫైసార్లు చేశాక నీళ్లు తేటగా వచ్చాయని సంబరపడి, ఒక టిష్యూ మీద పాళీ కిందికి పెట్టి వదిలేస్తే పొద్దున్నకు టిష్యూ నీలంగా ఉంది. ఫీడ్ గాడుల్లో దాక్కున్న ఇంకు అంత తేలిగ్గా వదలదు. మళ్లీ మొదలు.

ఫిబ్రవరి 26న బీమాతో కొరియర్ చేశాను. పాళీ మార్పు ఉచితమే, కానీ రానూపోనూ కొరియర్ ఖర్చు నాదే. అది నా పాత పెన్ను ధరంత అయింది. మూడు వారాలన్నారు. మూడు వారాలకు ఫోన్ చేస్తే "కంపెనీ నుంచి రావాలండీ" అన్నారు. నాలుగో వారం చేస్తే అదే మాట. పగిలిన మూతకు టేపు చుట్టి పాత పెన్నుతోనే రాసుకున్నాను. ఆ రోజుల డైరీ తిరగేస్తే రాత ఎంత స్పష్టంగా ఉందో చూసి కాస్త ఉక్రోషంగా కూడా ఉంటుంది.

ఈ ఖాళీలోనే చేయాల్సిన పని చేశాను. స్నేహితుల దగ్గరున్న ఆరు పెన్నులు అడిగి తెచ్చుకుని, నా డైరీ కాగితం మీద, నా ఇంకుతో, నా మామూలు వేగంతో ఒకే వాక్యం రాశాను. కంఠం, లక్ష్మి, విఘ్నం, స్త్రీ, ధర్మార్థం అన్నీ వచ్చేలా ఒక పిచ్చి వాక్యం అల్లుకున్నాను. అందులో 1.1 మిల్లీమీటర్ల స్టబ్ ఒకటి ఉంది. పెద్ద అక్షరాలతో శీర్షికలు రాస్తే అది చాలా అందం. చిన్నవి రాస్తే మాత్రం పాళీని ముందుకు నెట్టే చోట దాని పదునైన అంచు కాగితంలో దిగబడింది. తెలుగులో వంపులెక్కువ, సగం గీతలు నెట్టుడు గీతలే. యూరప్ ఫైన్ ఒకటి, జపాన్ మీడియం ఒకటి దాదాపు ఒకే గీత వేశాయి, సుమారు అర మిల్లీమీటరు. ఆ రెండింటితో ఠలో చుక్క నిలబడింది. ఎక్స్‌ట్రా ఫైన్ ఇంకా స్పష్టంగా ఉంది కానీ కాగితం పీచు పట్టుకుని గీరింది, రెండు పేజీలు దానితో రాయలేను. నేను అడిగిన ఫైనే సరైనదని తెలిసి కాస్త ఊపిరి తీసుకున్నాను.

ఏప్రిల్ 4న పెన్ను వచ్చింది. పంపిన రోజు నుంచి లెక్కేస్తే 37 రోజులు. పాళీని మాత్రమే కాదు, ఫీడ్‌తో సహా మొత్తం ముందు భాగాన్ని మార్చారు. ఇంకు నింపి రాశాను. మొదలు చక్కగా పడుతోంది, చుక్క చుక్కలా ఉంది, ఒత్తులు విడివిడిగా ఉన్నాయి. కానీ తలకట్టు పెట్టేటప్పుడు, అంటే పాళీ కుడి పక్కకు పైకి లేచేటప్పుడు, సర్రుమని గీరుతోంది. మిగతా దిక్కుల్లో ఏమీ లేదు. తెలుగులో పేజీకి ఎన్ని తలకట్లుంటాయో లెక్కపెట్టే ఓపిక లేదు గానీ, ప్రతి తలకట్టుకూ పళ్లు జివ్వుమన్నాయి. ఆ రాత్రి పెన్ను మూసి, లైటు తీసేసి, కాసేపు అలాగే కూర్చున్నాను. అంత డబ్బు పెట్టి, ఇన్ని వారాలు ఎదురుచూసి, ఇంట్లో మళ్లీ "ఇదీ బాగాలేదు" అని చెప్పడానికి సిగ్గేసింది. చెప్పలేదు కూడా.

భూతద్దంలో చూస్తే విషయం చిన్నదే. మొనలోని రెండు సగాల్లో ఒకటి రెండోదాని కంటే వెంట్రుకవాసి కిందికి ఉంది. ఒక దిక్కులో వెళ్లేటప్పుడు ఆ అంచు కాగితాన్ని గీరుతోంది. గోటితో నొక్కి సరిచేసుకోవచ్చని చదివాను. చేయి వణికింది, ఊరుకున్నాను. ఏప్రిల్ 11న షాపుకే తీసుకెళ్లాను. ఈసారి డైరీ కూడా పట్టుకెళ్లాను. లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి, కళ్లద్దానికి భూతద్దం తగిలించుకుని, దిగిన సగాన్ని కింది నుంచి బొటనవేలి గోటితో రెండుసార్లు పైకి నొక్కారు. చూశారు. ఇంకోసారి నొక్కారు. "రాయండమ్మా." రాశాను. పోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, డబ్బు తీసుకోలేదు. దారిలో కొరియర్‌లో అదిరినా ఇలా అవుతుందన్నారు. నా వాక్యం చదివి, "ఇలా రాసి చూపించేవాళ్లు తక్కువ, అందరూ సున్నాలు చుడతారు" అన్నారు. జనవరిలో నేనూ చుట్టానని చెప్పలేదు.

ఆ తర్వాత మిగిలింది ఇంకు సర్దుబాటే. నా దగ్గరున్న ఇంకు బాగా పారే రకం, ఫైన్‌ను కూడా కాస్త లావుగా చూపించేది. కొంచెం పొడి స్వభావం ఉన్న పెలికన్ 4001 నీలం నలుపు ఇంకు పోశాక గీత అర మెట్టు తగ్గినట్టైంది. పాళీ మార్చడానికి ఐదు వారాలు పట్టింది, ఇంకు మార్చడానికి ఐదు నిమిషాలు. వరస తిరగేసి చేశానేమో అనిపించింది గానీ, ఆ మీడియం మొదలు పడని జబ్బు ఏ ఇంకుతోనూ పూర్తిగా పోయేది కాదు.

మే వచ్చేసరికి డైరీ రాయడానికి కూర్చున్నప్పుడు పెన్ను గురించి ఆలోచించడం మానేశాను. మొన్న మా అమ్మాయి అడక్కుండానే తీసుకుని దాని నోట్సులో ఏదో రాసుకుంటే, గట్టిగా నొక్కకు అని అరవబోయి ఆగాను.

షాపులో ఆమె ఫినిష్ గురించి చెప్పింది నిజమే. బొటనవేలు ఆనే చోట మ్యాట్ పోయి గోరంత మెరుపు మొదలైంది. వెలుతురుకు అడ్డంగా తిప్పితేనే కనిపిస్తుంది. గుడ్డతో గట్టిగా తుడిస్తే ఇంకా మెరుస్తుందట. తుడవట్లేదు.